గోల్ ఎక్కడ మొదలైందో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగిన మర్నాడు ఆటల పేజీ తెరిస్తే ఫొటో దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. గాల్లోకి లేచిన ఆటగాడు, నెట్‌లో బంతి, మోకాళ్ల మీద గోల్‌కీపర్. కింద ఒక పేరు, ఒక నిమిషం. బంతి అక్కడిదాకా ఎలా వచ్చిందన్న ముక్క వార్తలో ఎక్కడా కనపడదు. మన విశాఖలో ఫుట్‌బాల్ చూసేవాళ్ల మధ్య ఎంతకీ తెగని వాదన ఒకటుంది: ఇరవై పాసులు అల్లి కొట్టిన గోల్ గొప్పదా, ముప్పై గజాల నుంచి ఒక్కడే పేల్చిన గోల్ గొప్పదా అని. నా మొగ్గు అల్లిన గోల్ వైపే. కారణాలు రాస్తున్నాను, చోటు చూసి ప్రచురించగలరు.

1970 జూన్ 21, మెక్సికో సిటీలోని అజ్‌టెకా స్టేడియం, ప్రపంచకప్ ఫైనల్. ఇటలీ మీద బ్రెజిల్ నాలుగో గోల్ 86వ నిమిషంలో పడింది. కార్లోస్ ఆల్బెర్టో కుడి పక్క నుంచి పరుగెత్తుకొచ్చి నేలబారుగా కొట్టిన దెబ్బ అందరికీ గుర్తే. అతను అంత దూరం అడ్డు లేకుండా ఎలా రాగలిగాడు? ఇటలీది మనిషికి మనిషి కాపలా పెట్టే పద్ధతి. వాళ్ల లెఫ్ట్ బ్యాక్ ఫకెట్టి పని బ్రెజిల్ రైట్ వింగర్ జైర్జిన్యోను వదలకపోవడం. జైర్జిన్యో తన పక్క వదిలేసి మైదానం అవతలి అంచుకు, ఎడమ వైపుకు వెళ్లిపోయాడు. ఫకెట్టి వెంటే వెళ్లాడు. దాంతో ఇటలీ ఎడమ పక్క, అంటే బ్రెజిల్‌కు కుడి పక్క, మొత్తం ఖాళీ అయింది.

ఈలోగా బ్రెజిల్ సొంత సగంలో క్లొడొవాల్డో నలుగురిని తప్పించి రివెలీనోకు ఇచ్చాడు. రివెలీనో టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వెంబడి ముందుకు, జైర్జిన్యోకు వేశాడు. జైర్జిన్యో లోపలికి కోసుకొచ్చి బాక్స్ (గోల్ ముందు గీసిన పెనాల్టీ ఏరియా) ముందున్న పెలేకు అందించాడు. ఇక్కడ పెలే ఏం చేశాడో ఒకటికి రెండుసార్లు చూడాలి. కొట్టలేదు, తిరగలేదు, ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాత కుడి వైపు ఖాళీలోకి బంతిని మెల్లగా దొర్లించాడు. క్షణం ముందు వేసి ఉంటే కార్లోస్ ఆల్బెర్టో చేరేలోపు బంతి గీత దాటేసేది. క్షణం ఆలస్యమైతే అతను పరుగు ఆపుకోవాల్సి వచ్చేది, డిఫెండర్ అడ్డం పడేవాడు. అతను అడుగు తడబడకుండా, వస్తున్న ఊపులోనే కొట్టగలిగాడు. క్లొడొవాల్డో ఒంటరిగా నలుగురిని దాటిన ఆ విన్యాసం కూడా ఈ అల్లికలో ఒక పోగే అయింది, చూశారా. ఆ గోల్‌ను చివరి దెబ్బ దగ్గర నుంచి మాత్రమే చూపిస్తే చూసేవాడికి దక్కేది పావు వంతు.

2006 ప్రపంచకప్‌లో సెర్బియా-మాంటెనెగ్రో మీద అర్జెంటీనా తరఫున కాంబియాసో కొట్టిన గోల్ ఇంకొకటి. ఇరవైకి పైగా పాసులు, చివర్లో క్రెస్పో మడమతో వెనక్కి తోస్తే కాంబియాసో ఎడమకాలితో ముగించాడు. మధ్యలో చాలా పాసులు పక్కకీ వెనక్కీ వేసినవే. చూసేవాళ్లకు విసుగు పుట్టించే పాసులు అవే, ప్రత్యర్థి వరసను అటూ ఇటూ లాగి చీలిక తెచ్చేవీ అవే.

అవతలి పక్షం ఎప్పుడూ తెచ్చే లెక్క ఒకటుంది. ఎక్కువ గోల్స్ మూడు పాసుల్లోపే పడతాయట, మరి ఇంత అల్లిక దేనికని. ఈ లెక్క 1950ల్లో ఇంగ్లండ్‌లో చార్లెస్ రీప్ అనే వైమానిక దళ ఉద్యోగి మొదలుపెట్టాడు. మ్యాచ్‌ల్లో పాసులన్నీ కాగితం మీద రాసుకుని, మూడు లేదా అంతకు తక్కువ పాసుల్లోనే అధిక భాగం గోల్స్ వస్తున్నాయని తేల్చాడు. పొడుగు బంతులు కొట్టి పరుగెత్తే ఆటకు అక్కడ అది వేదమైంది. అంకెలు తప్పు కాదు, వాటి నుంచి తీసిన తీర్పు తప్పు. మన ఫిషింగ్ హార్బర్ నుంచి యాభై చిన్న పడవలు, రెండు పెద్ద బోట్లు వేటకు వెళ్లాయనుకోండి. యాభై పడవల చేపలు కలిపితే ఎక్కువే తూగుతాయి. అంతమాత్రాన ఒక్కో పడవ బోటు కన్నా ఎక్కువ పట్టినట్టా? మ్యాచ్‌లో బంతి చేతులు మారేది ఎక్కువగా రెండు మూడు పాసుల్లోనే, అందుకే గోల్స్ కూడా అక్కడ ఎక్కువ కనపడతాయి. ఒక్కో రకం పాసుల వరస ఎన్నిసార్లు వచ్చిందో దానితో భాగించి చూసినప్పుడు పొడుగు వరసలే ఎక్కువ ఫలమిచ్చాయని 2005లో హ్యూస్, ఫ్రాంక్స్ అనే పరిశోధకులు చూపించారు.

అలాగని పాసుల సంఖ్యే గొప్ప అనుకుంటే ఇంకో గోతిలో పడతాం. 2018లో రష్యా మీద, 2022లో మొరాకో మీద స్పెయిన్ వెయ్యికి పైగా పాసులు వేసింది. రెండుసార్లూ పెనాల్టీ షూటౌట్‌లో ఓడి ఇంటికెళ్లింది. బంతి సెంటర్ బ్యాక్ (మధ్య డిఫెండర్) నుంచి సైడ్ బ్యాక్‌కు (పక్క డిఫెండర్‌కు), మళ్లీ వెనక్కి, మళ్లీ అవతలి సైడ్ బ్యాక్‌కు, గుర్రపు నాడా ఆకారంలో తిరుగుతూనే ఉంది. లోపలికి గుచ్చుకునే పాస్ లేదు. పాస్ ఒక ప్రత్యర్థినైనా కదిలించాలి, లేదా ప్రత్యర్థుల వరస ఒకదాన్ని దాటాలి. రెండూ జరగకపోతే అది అల్లిక కాదు, కాలక్షేపం.

నిజమైన అల్లిక వెనుక పని ఎంత ఉంటుందో చెప్పాలి. గోల్ కిక్ నుంచే, అంటే సొంత గోల్ ముందు నుంచి బంతిని తన్ని ఆట తిరిగి మొదలుపెట్టే దగ్గర నుంచే, మొదలుపెడదాం. 2019లో నిబంధన మారింది. అంతకు ముందు బంతి పెనాల్టీ ఏరియా దాటాకే సహచరుడు తాకాలి. ఇప్పుడు తన్నిన వెంటనే లోపలే అందుకోవచ్చు. అందుకే ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు గోల్‌కీపర్‌కు చెరో పక్కన నిలబడుతున్నారు. ఎదురుగా ఇద్దరు స్ట్రైకర్లు మీదికొస్తే వీళ్లు ముగ్గురు, వాళ్లు ఇద్దరు. ఆ ఒక్క మనిషి లాభాన్ని చెదరనివ్వకుండా పైకి మోసుకెళ్లడమే అల్లిక. మధ్యలో ఉన్న మిడ్‌ఫీల్డర్‌కు నేరుగా దారి మూసుకుపోతే బంతిని అతన్ని దాటించి ఇంకా పైనున్న స్ట్రైకర్‌కు వేయాలి. స్ట్రైకర్ ఒక్క టచ్‌లో వెనక్కి మిడ్‌ఫీల్డర్‌కు వదలాలి. ఇప్పుడు మిడ్‌ఫీల్డర్ మొహం ప్రత్యర్థి గోల్ వైపు ఉంది, ముందు మైదానం తెరిచి ఉంది. మూడో మనిషి ఆట అంటారు దీన్ని.

ఇది చెడేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గర. బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడకపోవడం. అందుకునేవాడి రెండు కాళ్లలో పాస్ వేసేవాడికి దూరంగా ఉన్న కాలికి వేయాల్సిన పాస్ దగ్గరి కాలికి వేయడం; అప్పుడు అందుకున్నవాడు తిరగడానికి ఇంకో టచ్ కావాలి, ఆ అర సెకనులో ప్రత్యర్థి మీద పడతాడు. పాస్‌లో బరువు లేకపోవడం. నెమ్మదిగా దొర్లే పాస్, పైకెగిరిన ఫస్ట్ టచ్, వెన్ను చూపించి అందుకునే ఆటగాడు, ఈ మూడూ ఎదుటి జట్టుకు ‘ఇప్పుడు రా’ అని పిలిచినట్టే.

మన ఊరి మైదానాల్లో ఇంకో చిక్కు. గట్టిపడ్డ ఎర్రమట్టి, రాళ్లు, గుంతలు. నిబంధనల ప్రకారం బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు, చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, గాలి ఒత్తిడి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య ఉండాలి. పంపు దొరికింది కదా అని బిగుసుకునేదాకా గాలి కొడితే గట్టి నేల మీద బంతి మోకాలి ఎత్తు ఎగురుతుంది, నేల పాస్ ఒక్కటీ నిలవదు. అలాంటి నేలకు గాలిని కింది హద్దు దగ్గర ఉంచాలి. ఆర్కే బీచ్ ఇసుకలో సంగతి వేరు. అక్కడ బంతి దొర్లదు, లేపి ఆడాల్సిందే, బంతి నేల తాకకముందే కొట్టే వాలీలు బాగా అబ్బుతాయి. అద్దెకిచ్చే చిన్న టర్ఫ్‌లలో ఎక్కడి నుంచి కొట్టినా గోల్ దగ్గరే కాబట్టి పిల్లలకు ఎక్కడైనా కొట్టే అలవాటు పడుతోంది. పెద్ద మైదానంలోకి వచ్చాక అదే అలవాటుతో ముప్పై గజాల నుంచి కొడుతున్నారు, ఖాళీగా నిలబడ్డ సహచరుడు చేతులు ఊపుతూనే ఉంటాడు. దూరం నుంచి కొట్టినవి వందలో గోలయ్యేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. మన ఉక్కపోతలో తొంభై నిమిషాలు బంతి వెంట పరుగెత్తేకంటే బంతినే పరుగెత్తించడం ఒంటికీ మంచిది.

అద్భుతమైన దెబ్బకు విలువ లేదనడం లేదు. పదిమంది బాక్స్ ముందు గోడ కట్టి కూర్చున్నప్పుడు ఇరవై అయిదు గజాల నుంచి కొట్టగలవాడు ఒకడుంటే తీరాలి. వాడికి భయపడి డిఫెండర్ ఒక్క అడుగు ముందుకొస్తే వెనుక పాస్‌కు సందు పుడుతుంది. 2002లో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో జర్మనీ క్లబ్ లెవర్‌కూజెన్ మీద రియల్ మాడ్రిడ్ ఆటగాడు జిదాన్ ఎడమకాలి వాలీని ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. రాబెర్టో కార్లోస్ పైకి లేపిన బంతి దిగేదాకా, జిదాన్ శరీరం తిప్పుకుని కాచుకున్న తీరు చూడండి. 1986లో ఇంగ్లండ్ మీద మారడోనా సొంత సగం నుంచి మోసుకెళ్లిన గోల్‌ను మించిన ఒంటరి గోల్ నాకు తెలియదు. నా అభ్యంతరం అలాంటి గోల్స్ మీద కాదు, వాటినే కొలబద్దగా పెట్టి మిగతావాటిని చప్పగా ఉన్నాయనడం మీద.

కలిసి ఆడే ఆట మనకు కొత్తదేమీ కాదు. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం డ్రిబ్లింగ్ (బంతిని ఒంటరిగా తప్పించుకుంటూ మోసుకెళ్లడం) నిషేధించి పోటీలు పెట్టేవారు, పాస్ వేయక తప్పని పరిస్థితి తెచ్చేవారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం సాధించింది. సికింద్రాబాద్ ఆటగాడు తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నారు.

కాబట్టి రెండు విన్నపాలు. మన నగరంలో టోర్నమెంట్లు నడిపేవారు ఉత్తమ గోల్ బహుమతి ఇచ్చేటప్పుడు టచ్‌లైన్ దగ్గర ఒకరిని కాగితం, పెన్సిల్‌తో కూర్చోబెట్టండి. బంతి ఎక్కడ దక్కింది, ఎన్ని పాసులు, బంతి లేకుండా పరుగెత్తి దారి ఖాళీ చేసిందెవరు, ఈ మూడు రాస్తే చాలు. బహుమతి పాస్ ఇచ్చినవాడికీ పంచండి. రెండోది మీకు. పెద్ద మ్యాచ్ మర్నాడు గోల్ ఫొటో పక్కన రెండు అంగుళాల చోటులో చిన్న మైదానం గీసి బాణాలతో పాసుల వరస చూపించండి. గోల్ కొట్టినవాడి పేరు కింద, బంతిని మొదట గుంజుకున్నవాడి పేరు కూడా అచ్చు వేయండి.

— ఒక పాఠకుడు,
మహారాణిపేట, విశాఖపట్నం