నలభై నిమిషాలు నోరు మెదపని ఆ వీధికి

తిరుపతి కపిలతీర్థం దగ్గర మా వీధి వాళ్లకి, వెనక వీధి పాటికి (తమిళంలో బామ్మ), జిరాక్స్ షాపు తమ్ముడికి, ఆటో అన్నకి, వెటర్నరీ కాలేజీ పిల్లలకి: తప్పిపోయి దొరికిన కుక్క రాగి ఇంట్లోనే ఉన్నాడు, బాగున్నాడు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుదామంటే మీలో సగం మంది పేర్లే నాకు తెలియవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

'మా వీధి' అనేశాను గానీ, ఆ వీధికి నేను వచ్చి మూడు వారాలే అయింది. నాది మదనపల్లె. లెక్కలు రాసే ఉద్యోగం, ల్యాప్‌టాప్ ఉంటే ఎక్కడి నుంచైనా జరిగిపోతుంది. రెండేళ్లుగా ఇల్లు అద్దెకు తీసుకోలేదు. ఊరెళ్లేవాళ్ల ఇళ్లలో ఉండి వాళ్ల కుక్కల్ని, పిల్లుల్ని, తులసి కోటని చూసుకుంటాను. హౌస్ సిట్టింగ్ అంటారు దీన్ని. మా అమ్మ మాత్రం 'కావలి పడుకోవడం' అంటుంది. మామిడి తోటకి కావలి పడుకునేవాళ్లకీ నాకూ తేడా ఏముందో ఆవిడకి ఇప్పటికీ అర్థం కాలేదు.

ఈసారి ఇల్లు రిటైరైన మాస్టారు, టీచరమ్మలది. కార్తీకమాసంలో కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని వాళ్ల కోరిక. దేశమంతా తిరుపతికి వస్తుంటే వీళ్లు తిరుపతి నుంచి కాశీకి బయల్దేరారు. రైలు ప్రయాణాలతో కలిపి 14 రోజులు. ఇంట్లో ఇద్దరు. మిరియం అనే నల్ల పిల్లి, రాగి అనే నాటుకుక్క. ఆ పేరు రాగి చెంబుని చూసి పెట్టారా, రాగి సంగటిని చూసి పెట్టారా అని అడిగితే మాస్టారు చెంబు అన్నారు, టీచరమ్మ సంగటి అంది. ఆ తగువు నలభై ఏళ్ల కాపురంలో ఒక భాగం, నాకెందుకు.

వాళ్లు వెళ్లిన మొదటి మూడు రోజులూ రాగి గేటు దగ్గర నుంచి కదల్లేదు. అన్నం పెడితే వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. ఇలాంటప్పుడు మనం మీద పడి ముద్దు చేస్తే పని చెడుతుందని ఇన్ని ఇళ్లు తిరిగాక నేర్చుకున్నాను. వరండాలో చాప వేసుకుని, వాడివైపు చూడకుండా నా పని నేను చేసుకున్నాను. నాలుగో రోజు పెరుగన్నం సగం తిన్నాడు. ఐదో రోజు చాప అంచున పడుకున్నాడు. ఆరో రోజు చెవులు, కాలివేళ్ల మధ్య పిడుదులున్నాయేమో చూడనిచ్చాడు. మిరియం లెక్క వేరు. ఆవిడ బీరువా మీద నుంచి దిగేది కాదు. తిండి గిన్నె మాత్రం రాత్రికి ఖాళీ అయ్యేది, అదే చాలనుకున్నాను. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయానికి ప్రమాదం, అందుకని గిన్నె మీద ఒక కన్నేసి ఉంచేదాన్ని. ఎదురుపడితే మెల్లగా కళ్లు మూసి తెరిచేదాన్ని. ఎనిమిదో రోజు తనూ మూసి తెరిచింది. ఆ రాత్రి నాకు చాలా గర్వంగా అనిపించింది. వీళ్లిద్దరూ ఇక నావాళ్లే అనుకున్నాను.

తొమ్మిదో రోజు శనివారం. సాయంత్రం ఏడున్నరకి రాగిని తిప్పి తీసుకొస్తుంటే పెళ్లి ఊరేగింపు ఎదురైంది. తప్పు నాదే. బ్యాండు చప్పుడు దూరం నుంచే వినబడింది, వెనక్కి తిరిగి ఉండాల్సింది. కుక్క బాగా అలవాటైపోయిందన్న ధీమాతో ముందుకే నడిచాను. పది అడుగుల్లో థౌజండ్‌వాలా పేలింది. తాడు నా చేతిలో నుంచి జారిపోయింది. అంతే, రాగి లేడు.

పూలమ్మే అక్కా, వాడు కొండవైపు పోయాడని మొదట చెప్పింది మీరే. ఆ మాటకి నా కాళ్లు వణికాయి. అటు శేషాచలం అడవి అంచు. చిరుతలకి కుక్కలు సులువుగా దొరికే తిండి. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపని చంపేసిన ఆ ఘోరం జరిగాక ఈ ఊళ్లో చిరుత మాట ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ఆటో అన్న నన్ను చూసి "ఎక్కు మ్మా, ముందు ఏడుపు ఆపు" అని మూడు గంటలు తిప్పాడు. అలిపిరి, జూ పార్కు రోడ్డు, మళ్లీ వెనక్కి. నేను ఆటోలో నుంచి తల బయటపెట్టి "రాగీ, రాగీ" అని గొంతు పోయేదాకా అరిచాను. ఆ అరుపులకి ఎవరి నిద్రయినా చెడి ఉంటే క్షమించండి.

అరవడమే తప్పని రాత్రి పదకొండుకి తెలిసింది. ఎవరో నంబరు ఇస్తే వెటర్నరీ కాలేజీలో హౌస్ సర్జన్సీ చేస్తున్న అమ్మాయికి ఫోన్ చేశాను. "అక్కా, అరవొద్దు, వెంటబడొద్దు. ఇప్పుడు వాడి మనసులో ఉండేది భయం ఒక్కటే. అలాంటప్పుడు సొంత యజమానిని చూసినా పారిపోతారు. దాక్కుని ఉంటాడు, సందడి లేనప్పుడు తెల్లవారుజామున బయటికి వస్తాడు. ఇంట్లోవాళ్ల వాసన ఉండే గుడ్డ ఏదైనా ఉందా?" అని అడిగింది. అర్ధరాత్రి పరీక్షలకి చదువుకుంటూ ఫోన్ ఎత్తి ఇరవై నిమిషాలు మాట్లాడావమ్మా, నీకు మంచి ర్యాంకు రావాలి.

అప్పుడే కాశీకి కూడా ఫోన్ చేశాను. దాచిపెట్టి తర్వాత చెబుదామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. మాస్టారు "నిద్రలు ఎక్కడికి పోతాయి, మేం వచ్చేస్తాం" అన్నారు. టీచరమ్మ ఫోన్ లాక్కుని రెండే మాటలు చెప్పింది. "నా మంచం మీద దుప్పటి నువ్వు ఉతకలేదు కదా? వాడిని పేరు పెట్టి పిలిస్తే రాడు పాపా, స్టీలు పళ్లెం మీద గరిటె చప్పుడుకి వస్తాడు." నేను బద్ధకంతో ఆ దుప్పటి ఉతకలేదు. నా బద్ధకం ఎవరికైనా ఉపయోగపడిందంటే ఇదొక్కసారే.

ఆదివారం పొద్దున జిరాక్స్ షాపు తమ్ముడు సెలవైనా షట్టర్ తీసి 40 పోస్టర్లు వేసిచ్చాడు. అతికించడానికి తనే వచ్చాడు. మధ్యాహ్నం ఒక సందులో రాగి కనబడితే, పోతాడేమో అని తాడు తొక్కి పట్టుకున్నాడు. బెదిరిపోయిన కుక్క కదా, చెయ్యి కొరికి, పట్టీ లోంచి తల లాక్కుని మళ్లీ పారిపోయాడు. తమ్ముడూ, ఈ పోస్టులో సగం నీకు క్షమాపణే. రాగికి టీకాలు ఉన్నాయని కాగితాలు చూపించినా, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు గాయం కడిగించి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. రేబిస్ సూదుల్లో మొదటి రోజుది, మూడో రోజుది, ఏడో రోజుది అయ్యాయి. 28వ రోజుది మిగిలింది. ఆ రోజు నేను ఏ ఊళ్లో ఉన్నా వచ్చి నీ పక్కన కూర్చుంటాను. నువ్వు సూదికి భయపడతావని మీ అమ్మగారు చెప్పారు.

పోస్టరు మీద నంబరు చూసి చాలా ఫోన్లు వచ్చాయి. ఒకాయన కుక్క తన దగ్గరే ఉందని, ముందు ఐదు వేలు పంపితే లొకేషన్ పెడతానని అన్నాడు. ఫోటో అడిగితే కట్ చేశాడు. ఆయన సంగతి వదిలేద్దాం.

సోమవారం పొద్దున నాలుగుకి వెనక వీధి పాటి ఫోన్ చేసింది. కార్తీక సోమవారం కదా, కపిలతీర్థంలో స్నానానికి బయల్దేరింది. "ఏమ్మా, చిత్రంలో ఉండే ఆ ఎర్ర కుక్క ఖాళీ ప్లాటు గోడ పక్కన పడుకోనుంది. నేను పిలవలేదు, చూసి వచ్చేసినా" అంది. పాటీ, ఆ 'పిలవలేదు' అన్న మాటకి మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

దుప్పటి, పళ్లెం, గరిటె, పెరుగన్నం పట్టుకుని పరుగెత్తాను. ఆటో అన్న ఎలా తెలుసుకున్నాడో ముందే వచ్చి, సందు చివర ఆటో అడ్డంగా పెట్టి ఇంజన్ ఆపేశాడు. ఆ దారిన పోతే తీర్థం దగ్గర. స్నానాలకి పోయేవాళ్లంతా అదే దారి. పాటి సందు మొదట్లో నిలబడి, వచ్చినవాళ్లందరినీ చెయ్యి ఊపి పక్క దారికి మళ్లించింది. తడి బట్టలతో తిరిగొచ్చేవాళ్లు, దీపాల పళ్లేలు పట్టుకున్నవాళ్లు, చంకలో పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, అందరూ చుట్టూ తిరిగి పోయారు. ఎందుకని ఒక్కరూ గట్టిగా అడగలేదు. ఒక ఇంట్లో మిక్సీ వేయబోయి ఆపేశారు. ఆ ఇల్లు ఏదో నాకు తెలుసు, ఇడ్లీ చట్నీ ఆలస్యం చేసినందుకు సారీ అక్కా. పాలబండి అన్న క్యాన్లు చప్పుడు కాకుండా చేత్తో మోసుకెళ్లాడు.

నేను వాడికి ఇరవై అడుగుల దూరంలో నేల మీద కూర్చున్నాను. మొహం పక్కకి తిప్పుకుని. దుప్పటి ముందు పరిచి, గరిటెతో పళ్లెం మీద రెండుసార్లు తట్టి ఊరుకున్నాను. వాడు తల ఎత్తాడు, లేవలేదు. వాన తడి నేల, నా కాళ్లు తిమ్మిరెక్కాయి, దోమలు. పది నిమిషాలకి ఇంకోసారి తట్టాను. లేచి గోడ వెంబడి నాలుగు అడుగులు వచ్చి ఆగాడు. మళ్లీ వెనక్కి పోయాడు. నాకు ఏడుపొచ్చింది గానీ ముక్కు కూడా ఎగబీల్చలేదు. ఎంతసేపు అలా గడిచిందో తెలియదు, ఆటో అన్న చూసిన టైమ్ ప్రకారం మొత్తం 40 నిమిషాలు.

రాగి వచ్చాడు. నా దగ్గరికి కాదు, దుప్పటి దగ్గరికి. దాని మీద ముక్కు పెట్టి రెండుసార్లు గుండ్రంగా తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాతే అన్నం. అంతా తిన్నాక, అప్పుడు, గడ్డం తెచ్చి నా పాదం మీద పెట్టాడు. తాడు వేసేటప్పుడు నా చేతులు వణుకుతున్నా వాడు కదల్లేదు.

అదే పొద్దున ఆ హౌస్ సర్జన్ అమ్మాయి, ఇంకో ఇద్దరు స్నేహితులు వచ్చి అరికాళ్లలో ముళ్లు తీశారు. ఒంటి మీద 11 పిడుదులు దొరికాయి. రెండు మూడు వారాలు జ్వరం, నీరసం, ముక్కు నుంచి రక్తం లాంటివి ఉన్నాయేమో చూస్తూ ఉండమన్నారు. పిడుదు జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయట. ఇప్పటిదాకా ఏమీ లేదు. ఇంట్లో అడుగుపెట్టగానే మిరియం మాత్రం వాడిని చూసి ఒళ్లంతా ఉబ్బించి బుస్సుమంది. వాసన మారిపోతే పిల్లులు కలిసి పెరిగినవాళ్లని కూడా గుర్తుపట్టవట. రెండు రోజులు ఇద్దరినీ వేరే గదుల్లో పెట్టి, ఒకరి గుడ్డ ఇంకొకరి దగ్గర వేయాల్సి వచ్చింది.

మాస్టారు, టీచరమ్మ తొమ్మిది నిద్రలూ పూర్తి చేసుకుని గురువారం వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. కరిచిన కుక్కని పది రోజులు గమనించాలి కాబట్టి నేనూ ఉండిపోయాను. ఆ పది రోజులు ఈ రోజుతో అయిపోయాయి. రేపు కుప్పం బస్సు ఎక్కుతున్నాను, అక్కడ ఒక ముసలి పొమరేనియన్ ఉంది. ఆటో అన్నా, మూడుసార్లు డబ్బులివ్వబోతే మూడుసార్లూ తీసుకోలేదు. బస్టాండుకి నీ ఆటోలోనే వస్తాను, ఆ ఛార్జీ అయినా తీసుకో.

ఒక చిన్న మనవి. పోస్టర్లు ఎక్కడైనా కనబడితే దయచేసి చింపేయండి. నేను 31 పీకేశాను, మిగతా తొమ్మిది ఎక్కడున్నాయో తెలియడం లేదు. ఈ రోజు పొద్దున కూడా రేణిగుంట నుంచి ఒకాయన ఫోన్ చేసి "మీ కుక్క మా వీధిలోనే ఉందండీ, బిస్కెట్ వేసి కూర్చోబెట్టినా, తొందరగా రండి" అన్నాడు. అప్పుడు రాగి నా ఎదురుగా కూర్చుని నా ఎడమ చెప్పు నములుతున్నాడు.