ఆఫీసు లాగిన్ స్క్రీన్లన్నిటికీ ఒకే పద్ధతి పెట్టించండి: ఐటీ శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఐటీ, ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ల శాఖ కార్యదర్శి గారికి నమస్కారం.

నేను ప్రభుత్వ ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసే కాంట్రాక్ట్ ఉద్యోగిని. ఏ ఆఫీసో చెప్పను, ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. పొద్దున కౌంటర్‌లో సిస్టమ్ ఆన్ చేయగానే నిన్న చివరగా పనిచేసిన ఉద్యోగి పూర్తి పేరు తెర మీదికి వస్తుంది, సర్టిఫికెట్ కోసం అద్దం అవతల నిలబడ్డవాళ్లు కూడా చదవొచ్చు, మానిటర్ అంచునేమో పాస్‌వర్డ్ రాసిన చీటీ అతికించి ఉంటుంది. ఆ ఒక్క లాగిన్‌తోనే ముగ్గురు నలుగురు పని చేస్తారు. వాళ్లను తప్పుపట్టలేను, ఎవరి లాగిన్ వాళ్లకు ఇచ్చిన నాథుడు లేడు.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు కూడా సిస్టమ్ లాగ్‌లను, అంటే ఎవరి లాగిన్‌తో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులను, 180 రోజులు భద్రపరచాలి. నలుగురూ ఒకే పేరుతో లోపలికి వెళ్తుంటే ఆ లాగ్ వల్ల ఉపయోగం ఏముంది? రేపు ఏదైనా రికార్డు మారిందంటే ఆ పేరున్న ఉద్యోగి మెడకే చుట్టుకుంటుంది, అసలు మార్చినవాళ్లు దొరకరు.

కావలసిన సెట్టింగ్‌లన్నీ విండోస్‌లోనే ఉన్నాయి. కంప్యూటర్లను ఒక డొమైన్‌లో (అన్నిటినీ ఒకే సర్వర్ కింద నడిపే ఏర్పాటు) చేర్చి, సర్వర్ మీద గ్రూప్ పాలసీ (అన్నిటికీ కలిపి పెట్టే సెట్టింగ్‌లు) ఒక్కసారి పెడితే, నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి సిస్టమ్ గంటన్నర నుంచి రెండు గంటల్లోపు దాన్ని తనంతట తానే తెచ్చుకుంటుంది. చివరగా లాగిన్ అయినవారి పేరు కనిపించకూడదు, 900 సెకన్లు ఎవరూ ముట్టుకోకపోతే లాక్ పడాలి, లాగిన్‌కి ముందు తెలుగులో ఒక హెచ్చరిక రావాలి. లాక్ పడ్డాక పేరు దాచేది వేరే సెట్టింగ్, అది చాలామంది మర్చిపోతారు. ఇప్పుడు ఇదంతా మేం ఒక్కో సిస్టమ్ ముందు కూర్చుని చేస్తున్నాం, విండోస్ మళ్లీ వేయగానే చేసినదంతా పోతుంది.

కౌంటర్ సిస్టమ్‌లకు మాత్రం వేరే పాలసీ ఉండాలి. అందరికీ ఒకటే రూల్ అని ఒక యూజర్ నుంచి ఇంకో యూజర్‌కి మారే బటన్ దాచేస్తే, ఒకరు లాక్ వేసి భోజనానికి వెళ్లాక రెండో మనిషికి దారి ఉండదు, పవర్ బటన్ నొక్కి ఆపేస్తారు, సేవ్ చేయని పని పోతుంది, నాలుగు రోజులు తిరక్కుండానే మళ్లీ అందరిదీ ఒకే పాస్‌వర్డ్ అవుతుంది.

కీబోర్డు సంగతి కూడా చెప్పాలి. తెలుగు టైపింగ్ పెట్టుకున్న సిస్టమ్‌లో ఆ లేఅవుట్ లాగిన్ స్క్రీన్‌కి కూడా వచ్చిందంటే, ఉద్యోగి ఇంగ్లిష్ అనుకుని పాస్‌వర్డ్ కొడతారు, కనిపించేవి చుక్కలే కాబట్టి తేడా తెలియదు, కొన్నిసార్లు తప్పయ్యేసరికి అకౌంట్ లాక్. బయట క్యూ పెరుగుతుంటుంది, లోపల వాళ్లకి టెన్షన్. యూజర్ కీబోర్డు సెట్టింగ్ లాగిన్ స్క్రీన్‌కి రాకుండా ఆపే పాలసీ కూడా ఉంది. దాంతో అక్కడ ఇంగ్లిష్ ఉంచి, లోపల తెలుగు వాడుకోవచ్చు.

వీటన్నిటికంటే ముందు కొనుగోళ్లు సరిచేయాలి. విండోస్ హోమ్ ఎడిషన్‌తో వచ్చిన కంప్యూటర్ డొమైన్‌లో చేరదు, కనీసం ప్రో ఉండాలి. హోమ్ కొనేశాక ప్రో లైసెన్స్ మళ్లీ కొంటే తప్ప మేం ఎంత తిప్పలు పడినా లాభం లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది, పాతవి ఎలాగూ మార్చాల్సిందే, ఆ టెండర్లలోనే ఈ ముక్క రాయించండి.

ముందు ఒక్క కలెక్టరేట్‌లో పెట్టి చూడండి. పాలసీ ఖరారు చేసే ముందు కౌంటర్‌లో కూర్చునేవాళ్లను కూడా పిలిచి మాట్లాడండి. ఉద్యోగి బదిలీ అయిన రోజే ఆ లాగిన్ ఆపాల్సిన బాధ్యత ఎవరిదో సర్క్యులర్‌లో హోదాతో సహా రాయండి, ఎందుకంటే ఎప్పుడో వెళ్లిపోయినవారి పేరు మీద ఇంకా పని నడుస్తున్న సిస్టమ్‌లు నేను చూస్తూనే ఉన్నాను.

ఇట్లు,
ప్రభుత్వ ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసే ఒక కాంట్రాక్ట్ ఉద్యోగి