తుక్కు కాకముందే ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోలీసు శాఖ వాడి పక్కన పెట్టిన వాహనాలను వృద్ధాశ్రమాలకు, దివ్యాంగుల పాఠశాలలకు ఇవ్వాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇస్తే కదిలే బండి ఇవ్వాలి. కదలని బండిని రిబ్బను కట్టి అప్పగిస్తే అది ఒట్టిపోయిన ఆవును దానమిచ్చినట్టే.

ఇందులో గడువు చిక్కు ఒకటుంది. కేంద్రం 2023 జనవరిలో మోటారు వాహన నిబంధనలను సవరించింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి, 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనానికి రిజిస్ట్రేషన్ పొడిగించరు. దాన్ని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి పంపాల్సిందే. కవచ వాహనాల వంటి ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది కానీ గస్తీ తిరిగే మామూలు జీపుకు లేదు. అదే బండి ఏదైనా ప్రైవేటు సంస్థ పేరున ఉంటే, 15 ఏళ్ల తర్వాత కూడా ఫిట్‌నెస్ చూసి మరో 5 ఏళ్లు పొడిగిస్తారు. ఇంజను అదే, ఛాసిస్ అదే. ఆర్సీలో పేరును బట్టి ఒకచోట తుక్కు, ఇంకోచోట బండి! అందుకే పదిహేనో ఏడు దాకా ఆగి దానం గురించి ఆలోచిస్తే ప్రయోజనం లేదు. పన్నెండు, పదమూడేళ్లకే తేల్చాలి.

నేను ఆటోనగర్‌లో మెకానిక్‌గా పనిచేసి మానుకున్నవాడిని. పోలీసు బండిని మీటరు చూసి అంచనా వేయకూడదు. దసరా బందోబస్తులోనో, మంత్రుల పర్యటనలోనో గంటల తరబడి ఇంజను ఆపకుండా నిలబెడతారు. ఆ అరుగుదల కిలోమీటర్లలో కనిపించదు. అయినా దాన్ని బాగుచేయవచ్చు. బాగుచేయలేనిది ఠాణా వెనక వేపచెట్టు కింద రెండు వానాకాలాలు తడిసిన బండిని. బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు పగుళ్లు బారతాయి, ఎలుకలు వైర్లు కొరికేస్తాయి, డీజిల్ ట్యాంకులో తుప్పు చేరి ఇంజెక్టర్లు పట్టేస్తాయి. తిరిగి పాడైన బండ్లకంటే నిలబెట్టి పాడుచేసిన బండ్లనే నేను ఎక్కువ చూశాను.

అవసరం ఎక్కడుందంటే, ఊరి చివర వృద్ధాశ్రమాల్లో ఉంది. మోకాలు మడవలేని పెద్దాయనను గుంటూరు పెద్దాసుపత్రి ఓపీకి తీసుకెళ్లడానికి ఆటో ఎక్కించడం ఎప్పుడైనా చూశారా? ఒకరు అవతలి వైపు నుంచి చంకల కింద చేతులు వేసి లాగుతారు, ఇంకొకరు ఇవతల కాళ్లు ఎత్తి పెడతారు, వాకరు డ్రైవరు ఒళ్లో ఉంటుంది. దారి పొడవునా ఆ కాలు బయటికే ఉంటుంది. జీపు నేల నుంచి ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఉన్నది ఉన్నట్టు ఇచ్చినా ఆయన ఎక్కలేడు. వెనక తలుపు కింద ఒక మెట్టు, పక్కన పట్టుకోవడానికి ఒక కమ్మీ పెట్టాలి. వెల్డింగు షాపులో అది సగం పూట పని.

దీన్ని అంబులెన్సుగా మార్చే ఆలోచన మాత్రం వద్దు. అంబులెన్సుకు వేరే ప్రమాణాలున్నాయి, అది రవాణా వాహనం కిందికి వస్తుంది. పాత జీపుకు ఆ వేషం కట్టడం రోగి ప్రాణానికే ముప్పు.

దుర్వినియోగం అవుతుందనే భయం సహేతుకమే. సైరన్, పైదీపాలు, వైర్‌లెస్ సెట్టు, స్టిక్కర్లు తీసేసి, రంగు మార్చి, ‘ఏపీ 18 పి’ లాంటి పోలీసు నంబరు స్థానంలో కొత్త నంబరు వేయించాకే తాళాలు ఇవ్వాలి. లేకపోతే సంస్థ కార్యదర్శి గారి బావమరిది కాజా టోల్‌గేటు దగ్గర దర్జా వెలగబెడతాడు. ఐదేళ్లు అమ్మకూడదనే షరతు అప్పగింత ఉత్తర్వులోనే ఉండాలి. ఇంకో సంగతి: వ్యాపారానికి కాకుండా ప్రభుత్వ పనులకు వాడే ప్రభుత్వ వాహనాలకు మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ బీమా నుంచి మినహాయింపు ఇస్తుంది. చేతులు మారిన రోజు నుంచి ఆ ఖర్చు ఆశ్రమానిదే. డీజిలు, డ్రైవరు జీతం సరేసరి. భరించగలరో లేదో ముందే అడగాలి. భరించలేనివారికి బండి ఇవ్వడం మేలు కాదు.

వేలం వేస్తే ఖజానాకు నాలుగు డబ్బులు వస్తాయి కదా అంటారు. రావచ్చు. కండెమ్ చేసిన, అంటే ఇక పనికిరావని శాఖ తేల్చిన వాటిలో పూర్తిగా చితికిపోయినవాటిని వేలానికే పంపండి. ఆ సొమ్ములో కొంత, బాగున్న నాలుగైదు బండ్ల మరమ్మతుకు వాడుకునేలా ఒక జీవో ఇవ్వండి. ఆటోనగర్‌లో పనివాళ్లకు కొదవ లేదు.

ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల పోలీసు అధికారులకు నా విన్నపం ఇది. పన్నెండేళ్లు దాటిన బండ్ల జాబితాను కమిషనరేట్‌లోనూ ఎస్పీ కార్యాలయంలోనూ నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆశ్రమాల నుంచి దరఖాస్తులు తీసుకోండి. ఎంపిక తేలేదాకా ఆ బండ్లను నీడన ఉంచి, వారానికోసారి స్టార్ట్ చేయించండి.

— ఒక విశ్రాంత మోటారు మెకానిక్, పటమట, విజయవాడ