ఆదివారం దుప్పటి చాలదు

ఒరేయ్,

మూడు నెలలైంది కదూ. నీ రెండు ఉత్తరాలూ సొరుగు తెరిచినప్పుడల్లా కనిపిస్తూనే ఉన్నాయి. క్షమించు. తిట్టాలనుంటే తర్వాత తీరిగ్గా తిట్టు, ముందు ఇది చదువు. ఇంట్లో అందరం బాగున్నాం. నా మెడనొప్పి తగ్గింది. కాలేజీలో సృజనాత్మక రచన క్లాసు ఈ ఏడూ నాకే ఇచ్చారు, స్కూల్లో తొమ్మిదో తరగతికి శనివారం ఒక పీరియడ్. విశేషాలు అంతే.

చెప్పాల్సిందంతా ఆ శనివారం పీరియడ్ గురించే. నాలుగు రోజులుగా ఎవరితో చెప్పినా సగం విని ఫోను చూసుకుంటున్నారు. నువ్వయితే వింటావు.

పిల్లల్ని నాన్న మీద రాయమన్నాను. ముప్పై ఎనిమిది కాగితాలు వచ్చాయి, అన్నిట్లోనూ ఒకే నాన్న. కొవ్వొత్తిలా కరుగుతాడు, మర్రిచెట్టులా నీడనిస్తాడు, చివరి వాక్యంలో ఆయన రుణం తీరదు. పిల్లల్ని తప్పుపట్టలేం. అలా రాస్తేనే మార్కులు వస్తాయని ఆరో తరగతి నుంచీ మనమే నేర్పాం. కానీ ఆ కాగితాలు చదువుతుంటే ఎంత బెంగ కలిగిందో! ఒక్కడి నాన్న కూడా దగ్గలేదు, చెప్పులు ఎక్కడ విడిచాడో మర్చిపోలేదు.

సరిగ్గా ఆ వారమే డిగ్రీ వాళ్లకి సంస్కృతంలో దండి రాసిన దశకుమార చరిత్ర గురించి చెబుతున్నాను. ఏడో ఉచ్ఛ్వాసంలో, అంటే ఏడో అధ్యాయంలో, మంత్రగుప్తుడు తన కథ చెప్పాలి, కానీ ప్రియురాలి పంటిగాటుకి పెదవి గాయపడి ఉంటుంది. పెదవులు కలిస్తేగానీ పలకని ప, ఫ, బ, భ, మ అతని నోట రావు. అందుకని కథంతా ఆ అక్షరాలు లేకుండానే నడుస్తుంది. అక్కణ్ణుంచి అవధానంలో నిషిద్ధాక్షరికి వచ్చాను. పృచ్ఛకుడు ఈ అక్షరం వాడొద్దని అడ్డు తగిలినప్పుడల్లా అవధాని అంతకుముందు తను అనుకోని మాట దగ్గరికి వెళ్లాల్సివస్తుంది కదా. ఫ్రెంచిలో అన్నిటికంటే ఎక్కువగా వాడే అక్షరాన్ని పూర్తిగా వదిలేసి జార్జ్ పెరెక్ 1969లో ఏకంగా నవలే అచ్చువేశాడని కూడా చెప్పాను. అప్పుడు ముందు వరసలో ఒకమ్మాయి లేచి, "అక్షరం కాకుండా మాటల్నే నిషేధిస్తే ఎలా ఉంటుంది సార్?" అంది. నాకు ఒళ్లు జలదరించింది. నువ్వు పక్కనుంటే, ఇలా ఒళ్లు జలదరించినప్పుడు మనం అనుకునే మాట, "ఏడో మెట్టు" అని మోచేత్తో పొడిచేవాడివి.

ఆ శనివారం స్కూల్లో బోర్డు మీద రాశాను: ప్రేమ, త్యాగం, కష్టం, దేవుడు, రుణం, కొవ్వొత్తి. ఇవేవీ వాడకుండా మళ్లీ నాన్న మీదే రాయాలన్నాను. క్లాసంతా గోల. "ఇంకేం మిగిలింది సార్?" అన్నాడొకడు, నిజంగానే భయపడుతూ. నాకు వెంటనే జవాబు తోచలేదు. పది నిమిషాలు పెన్ను ఎత్తకుండా రాయండి, ఏం మిగిలిందో మీకే తెలుస్తుంది అన్నాను. అమెరికాలో రచన నేర్పిన పీటర్ ఎల్బో 1973లో రాసిన పద్ధతే అది, నీకు తెలుసుగా. ఆగకూడదు, వెనక్కి పోయి దిద్దకూడదు, ఏమీ తోచకపోతే ఏమీ తోచడం లేదనే రాయాలి.

చివరి బెంచిలో కిటికీ పక్కన ఒక పిల్లవాడున్నాడు. వాడి గురించి నీకెప్పుడూ రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు చెప్పక తప్పదు.

బడి తెరిచిన మొదటి వారంలో వాడు ఒకటిన్నర పేజీ రాశాడు. దేనిమీద రాశాడో నాకు గుర్తులేదు. చూశావా, అదీ సంగతి! నాకు గుర్తున్నదల్లా ఒత్తులు లేకపోవడం, దీర్ఘాలు ఎక్కడపడితే అక్కడ ఉండటం. ఇరవై మూడు చోట్ల ఎర్ర సున్నాలు చుట్టి ఇచ్చాను. ఆ తర్వాత వాడు ఏ వారమూ రెండు లైన్లు దాటలేదు. బద్ధకం అనుకున్నాను, ఆ మాట వాడి ముందే అన్నాను కూడా. అమెరికన్ కవి కెనెత్ కోక్ 1968లో న్యూయార్క్ బడిలో చిన్నపిల్లల చేత కవితలు రాయించినప్పుడు స్పెల్లింగు సంగతి వదిలేయండి, ప్రాస కూడా అక్కర్లేదు అన్నాడని డిగ్రీ వాళ్లకి నేనే పాఠం చెప్పాను. ఆ పాఠం చెప్పిన చేత్తోనే స్కూల్లో ఎర్ర పెన్ను పట్టుకున్నానురా.

ఆ రోజు రాయడం మొదలెట్టకముందు వాడు నా బల్ల దగ్గరికొచ్చి, "సార్, ఎర్ర పెన్ను ఉంటుందా?" అని అడిగాడు. ఉండదన్నాను. "అయితే ఎక్కువ రాయొచ్చా?" అన్నాడు. అదేమిట్రా అంటే, "తక్కువ రాస్తే తక్కువ సున్నాలు పడతాయి సార్" అన్నాడు. వాడి గొంతులో నా మీద కోపమేమీ లేదు. ఎన్నాళ్ల కిందటో లెక్క తేల్చుకున్న విషయం చెబుతున్నట్టు చెప్పాడు. నాకు గొంతు పట్టేసింది.

వాడు రాసింది చూడు. ఒత్తులు నేను పెట్టాను, మాటలన్నీ వాడివే:

"మా నాన్నకి రాత్రి డ్యూటీ. పొద్దున ఐదున్నరకి వస్తాడు. నేను ఐదున్నరకి లేస్తాను. మందపాటి దుప్పటి మాకు ఒకటే ఉంది. నేను లేచాక దాన్ని మడత పెట్టను. మడత పెడితే చల్లబడిపోతుంది. నాన్న వచ్చి అందులో దూరతాడు. మేం పెద్దగా మాట్లాడుకోం. ఆదివారం నాన్న ఇంట్లోనే ఉంటాడు. ఆదివారం దుప్పటి చాలదు."

మళ్లీ చదువు. "మడత పెట్టను" దగ్గర ఒక్క క్షణం ఆగు. నేను ఇరవై ఏళ్లుగా "చెప్పకు, చూపించు" అని బోర్డు మీద రాస్తున్నాను, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకెక్కడా దొరకలేదు. ప్రేమ అనే మాట వాడొద్దన్నాను కాబట్టి వాడు దుప్పటి దగ్గరికి వెళ్లాడు. వాడొద్దని అనకపోతే వెళ్లేవాడా? ఏమో. అసలు రాయడం నేర్పితే వచ్చేదేనా అని నువ్వెప్పుడూ వాదిస్తావు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936 నుంచీ నేర్పుతూనే ఉన్నారు, ఆ వాదన మాత్రం ఇంకా తెగలేదు. నాకిప్పుడు అనిపించేదేమిటంటే, నేర్పడం కంటే ముందు, ఉన్నదాన్ని మనమే ఆపేయకుండా... సరే, ఇది తర్వాత మాట్లాడుకుందాం. అసలు కథ ఇంకా ఉంది.

క్లాసులో చదవనా అని వాణ్ణి మెల్లగా అడిగాను. "పేరు చెప్పకండి సార్" అన్నాడు. చెప్పకుండానే చదివాను. ఎవరూ కదల్లేదు. దాని గొప్పతనమంతా విడమరిచి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది, బలవంతాన ఆపుకున్నాను. ఆ నిశ్శబ్దంలో రెండో బెంచి పిల్ల అడిగింది: "మరి ఆదివారం దుప్పటి ఎవరు కప్పుకుంటారు సార్?"

నాకేం తెలుసు? ఏం చెప్పాలా అని చూస్తుంటే చివరి బెంచిలోంచి జవాబొచ్చింది.

"ఎవరికి ఎక్కువ చలేస్తే వాళ్లు."

వాడేరా! పేరు చెప్పొద్దన్న సంగతే మర్చిపోయాడు. ముప్పై ఏడు తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. నాకు భయమేసింది, ఎవరైనా నవ్వుతారేమోనని. ఎవరూ నవ్వలేదు. ఆ రెండో బెంచి పిల్ల మాత్రం, "అయితే మీ ఇద్దరూ చలేయట్లేదనే చెబుతారు కదా?" అంది. వాడు తలూపాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. ఏడో మెట్టేరా, అచ్చంగా.

అప్పట్నుంచి మొదటి ప్రతి మీద పెన్ను పెట్టడం మానేశాను. తప్పులు దిద్దొద్దని కాదు, ఎప్పుడు దిద్దాలన్నదే నాకు తెలియలేదు. వాడి కాగితం గోడపత్రికలో పెడతానన్న మర్నాడే వాడంతట వాడే వచ్చి, "దుప్పటికి ఒత్తు ఎక్కడ పెట్టాలి సార్?" అని అడిగాడు. మొత్తం కూర్చుని తిరగరాశాడు, మూడుసార్లు. చదివేవాళ్లు ఉన్నారని తెలిస్తే ఒత్తులకోసం వాళ్లే వస్తారు.

కాలేజీ పిల్లల సంగతి వేరు. వాళ్లకి తప్పుల భయం లేదు, కథ చివర అదంతా కల అని తేల్చేస్తారు. దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

ఇప్పుడు నీతో పని. వాడు రెండు ప్రతులు తెచ్చాడు. ఒకటి "చాలదు" దగ్గర ఆగిపోతుంది. రెండోదాంట్లో క్లాసులో వాడు చెప్పిన జవాబు కూడా ఉంది, ఆ పిల్ల ప్రశ్న కూడా. ఏది పెట్టాలి సార్ అని అడిగాడు. నాకు మొదటిదే ఇష్టం, కానీ రెండోది రాసేటప్పుడు వాడి ముఖం నేను చూశాను. నీ ఇష్టం అంటే చాలదు, వాడు నా అభిప్రాయం నిజంగా అడుగుతున్నాడు. సోమవారానికల్లా చెప్పాలి. రెండింటి నకళ్లూ ఈ కవర్లోనే పెడుతున్నాను. చదివి, ఆగకుండా రాయి. పచ్చ సిరాతో అయినా సరే...

గంట కొట్టారు. డిగ్రీ వాళ్లు వస్తున్నారు. ఉంటాను రా.