ఆకులకు చిల్లులు పడనివ్వండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను. ముందు నేను చేసిన తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

వార్షికోత్సవానికి ముందు బడి ఆవరణంతా శుభ్రం చేయించాను. వెనక గోడ వారగా పెరిగిన జిల్లేడు నా కంటికి పిచ్చిమొక్కలానే కనిపించింది, కొట్టేయమన్నాను. నిమ్మచెట్టు ఆకుల్ని పురుగు తినేస్తోందంటే మందు కొట్టమన్నదీ నేనే. మర్నాడు ప్రార్థన కాగానే ఏడో తరగతి పిల్లలు నలుగురు నా గదికి వచ్చారు. ఒకమ్మాయి చేతిలో అట్ట ఊడిన నోటుబుక్కు. "మేడమ్, జిల్లేడు మీద నిన్నటిదాకా పదకొండు గొంగళిపురుగులు ఉన్నాయి. అవేమయ్యాయి?" అని అడిగింది. నేను బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాను.

ఆ నోటుబుక్కు అడిగి తీసుకుని రాత్రి కూర్చుని చదివాను. భోజన విరామంలో రోజూ చూసి రాసుకున్నవి, పక్కన బొమ్మలు. నిమ్మాకు మీది గొంగళిపురుగు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, అందుకే పక్షులు దాన్ని పట్టించుకోవు. కాస్త పెద్దదయ్యాక ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. దాన్ని కదిపితే తల వెనక నుంచి కొమ్ముల జత లాంటిది బయటికి వచ్చి ఘాటైన వాసన కొడుతుంది. (ఆ వాసనకు ఏం పేరు పెట్టాలా అని నలుగురూ వాదించుకున్నట్టు కొట్టివేతలు చూస్తే తెలిసిపోయింది.) జిల్లేడు పురుగు ఇలా దాక్కోదు. ఆ పాలలోని విషాన్ని ఒంట్లో నిలవచేసుకుని, నలుపు తెలుపు పసుపు చారలతో అందరికీ కనపడేలా తిరుగుతుంది. ఒకసారి తిని కక్కుకున్న పక్షి ఇంక దాని జోలికి రాదు. రెక్కలొచ్చాక కూడా ఆ విషం దాన్ని కాపాడుతూనే ఉంటుంది.

గేటు దగ్గర పూలమొక్కలు వేయించాం కాబట్టి సీతాకోకచిలుకల కోసం చేయాల్సింది చేసేశామనే నేను అనుకున్నాను. మకరందం తాగడానికి అవి పూల దగ్గరికి వస్తాయి, నిజమే. గుడ్లు మాత్రం ఎక్కడ పడితే అక్కడ పెట్టవు. ఆడ సీతాకోకచిలుక కాళ్లతో ఆకును తట్టి రుచి చూస్తుంది. పుట్టబోయే పిల్లలు తినగలిగే ఆకు అయితేనే గుడ్డు పెడుతుంది. నేను కొట్టేయించింది సరిగ్గా ఆ మొక్కనే.

ఇలాంటి పొరపాటు నాకంటే పెద్దవాళ్లూ చేశారని తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు నన్ను ఓదార్చాడు. ఇంగ్లండ్‌లో లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక ఉండేది. దాని గొంగళిపురుగును ఒక రకం ఎర్రచీమలు తమ పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకుపోతాయి. అది లోపల కూర్చుని ఆ చీమల పిల్లల్నే తిని పెరుగుతుంది. సీతాకోకచిలుకలను పట్టుకుపోయే వాళ్లు ఎక్కువయ్యారని కొన్నిచోట్ల కంచెలు వేశారు. కంచె లోపలికి పశువులు రాక గడ్డి ఏపుగా పెరిగింది, నేలకు ఎండ తగలడం మానేసింది, వేడి నేల కావాల్సిన ఆ చీమలు తగ్గిపోయాయి. 1979 నాటికి ఆ సీతాకోకచిలుక అక్కడ పూర్తిగా కనుమరుగైంది. తర్వాత 1980లలో స్వీడన్ నుంచి తెచ్చి, గడ్డిని మేపించి, మళ్లీ నిలబెట్టారు. ప్రేమతోనే కంచె వేశారు పాపం, గడ్డి సంగతి ఎవరూ ఆలోచించలేదు.

ఇప్పుడు వెనక గోడ వారంతా పిల్లలకే వదిలేశాను. పెద్ద తరగతుల వాళ్లు చిన్నవాళ్లకు చూపిస్తున్నారు, మా టీచర్లం అడిగితేనే మాట్లాడుతున్నాం. మొన్న నిమ్మకొమ్మకు ఉన్న ప్యూపా (గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే గూడు) పగిలింది. బయటికి రాలేక అది అవస్థ పడుతుంటే ఆరో తరగతి పిల్లాడు సాయం చేయబోయాడు. పక్కనున్న అక్క వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పెనుగులాటలో మనం వేలు పెడితే తడిగా, మెత్తగా ఉన్న రెక్కలు చిరిగిపోవచ్చు. బయటపడ్డాక అది ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి నెట్టుకుంటుంది, అప్పుడే అవి విచ్చుకుంటాయి. తెరుచుకుని ఆరేదాకా పిల్లలు దూరంగా నిలబడే ఉన్నారు. ఆ రోజు లెక్కల పీరియడ్ సగం పోయింది, నేనేమీ అనలేదు.

1647లో జర్మనీలో పుట్టిన చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ పదమూడో ఏట పట్టుపురుగులను పెంచుతూ వాటి బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. పురుగులు బురదలోంచి పుట్టుకొస్తాయని చాలామంది నమ్మే రోజులవి. యాభై దాటాక కూడా గొంగళిపురుగుల కోసం 1699లో కూతురితో కలిసి దక్షిణ అమెరికాలోని సురినామ్‌కి ఓడెక్కింది. ఇదెందుకు చెప్తున్నానంటే, "వాడు పురుగుల పిచ్చిలో పడి చదవడం లేదు" అని ఒకరిద్దరు నాతో టెన్షన్ పడుతూ అన్నారు. ఆ నోటుబుక్కు ఒకసారి తిరగేసి చూడండి. సైన్సులో నేను ఇచ్చిన ఏ హోంవర్కూ అంత శ్రద్ధగా రాయలేదు.

మీ నుంచి నాకు కావాల్సినవి కొద్దే. ఇంట్లో మొక్కల ఆకులకు చిల్లులు కనిపించగానే మందు కొట్టకుండా, తింటున్నది ఎవరో ముందు పిల్లల్ని అడగండి. గొంగళిపురుగును సీసాలో పెట్టుకుని వస్తే, అది ఏ ఆకు మీద ఉండిందో అక్కడే వదిలిపెట్టమని చెప్పండి. వేరే ఆకు వేస్తే చాలా రకాలు ముట్టుకోవు, ఆకలితో చచ్చిపోతాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఇక్కడ ఆకు తుంచవద్దని, చూసొచ్చాక చేతులు కడుక్కోవాలని గట్టిగా చెప్పాం, మీరూ చెప్పండి.

పరీక్షల టైమ్‌టేబుల్ వెనక పేజీలో ఉంది. కొట్టేసిన జిల్లేడు మొదళ్లకు మళ్లీ చిగుళ్లు వచ్చాయి, నిన్నటి లెక్క ప్రకారం మూడు గుడ్లు. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు దయచేసి ఆ గోడ పక్కన బండ్లు ఆపకండి.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు