కాలక్షేపం పుస్తకాలు కొనమన్నారు

సంపాదకులు గారికి,

నేను చరిత్ర పుస్తకాలు, ఆత్మకథలు చదివే మనిషిని. ప్రేమ నవల ముట్టుకుని ముప్పై ఏళ్లు దాటింది. దసరా సెలవులకు వచ్చిన మా అమ్మాయి మంచం మీద ఒక ఇంగ్లిష్ నవల వదిలి వెళ్లింది. కరెంటు పోయిన ఓ మధ్యాహ్నం ఇంకేదీ అందక అది తెరిచాను. కెనడాలో ఐస్ హాకీ గోల్‌కీపర్‌కీ, ఆ టీమ్ ఫిజియోథెరపిస్టుకీ మధ్య నిదానంగా రాజుకునే ప్రేమ. నాలుగు వందల పేజీల పైనే ఉంది. మూడు రోజుల్లో పూర్తి చేశాను.

మొదట్లో నన్ను పట్టుకున్నది ఆట. 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు, తప్పు చేసినవాడు రెండు నిమిషాలు ఆట వదిలి పక్కనున్న పెట్టెలాంటి చోట కూర్చోవడం, నిమిషం నిండకుండానే ఆటగాళ్లు మారిపోవడం, ఇవేవీ నాకు తెలియవు. అక్కడ క్లబ్బు ఇంకో క్లబ్బుకు ఇచ్చేస్తే ఆటగాడు రాత్రికి రాత్రి ఊరు మారాలి. ఆ టెన్షన్‌తోనే అతను మనసులో మాట బయటపెట్టడు. ఒకచోట ఆమె అతని చీలమండకు టేపు చుడుతుంది. చుట్టడం అయిపోయింది. అతను కాలు వెనక్కి తీసుకోలేదు, ఆమె చెయ్యి తీయలేదు. అధ్యాయం అక్కడితో ఆగింది. అప్పటికి సగం పుస్తకం అయిపోయింది! యద్దనపూడి సులోచనారాణి గారి సీరియల్ కోసం వారమంతా ఎదురుచూసిన తరం మాది. ఆ ఓపిక మా పిల్లలకూ ఉందని ఈ నవల చదివాకే తెలిసింది.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే. అలాంటిదే ఇంకో నవల కావాలని మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. పోటీ పరీక్షల పుస్తకాలు చాలా ఉన్నాయి. ఉండాల్సిందే, ఎంతోమంది కుర్రాళ్లు పొద్దుటి నుంచీ అక్కడే చదువుకుంటారు. నవలల బీరువాలో మాత్రం ఈమధ్య వచ్చింది ఒక్కటీ లేదు. అడిగితే ‘ఇలాంటి కాలక్షేపం పుస్తకాలు కొనమండీ’ అన్నారు. నా వెనక ఒక కాలేజీ అమ్మాయి ఫోన్లో ఏదో నవల అట్ట చూపించడానికి తెరిచి పట్టుకుని నిలబడింది. ఆ మాట విని ఫోను సంచిలో పెట్టేసుకుని వెళ్లిపోయింది. నాకు చాలా బాధేసింది.

ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అందులో ఆ పిల్ల ఇంటివాళ్లదీ ఉంటుంది కదా. జిల్లా గ్రంథాలయ సంస్థలు పుస్తకాలు కొనేముందు ప్రతి శాఖలో పాఠకులు కోరినవి రాసుకునే రిజిస్టరు పెట్టాలి. వాటిలో ఏవి కొన్నారో, ఏవి కొనలేదో గోడకు అంటించాలి. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లోనే ఇది మొదలుపెట్టవచ్చు.

మన రచయితలకూ ఒక మనవి. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఒలింపిక్ పతకం గెలిచారు. అలా బరువులెత్తే అమ్మాయి ప్రేమలో పడితే ఆ కథ ఎలా ఉంటుంది? కోచ్ మాట, ఇంట్లో పెళ్లి ఒత్తిడి, పోటీకి ముందు బరువు తగ్గించుకునే తిప్పలు... తెలుగులో ఎవరైనా రాస్తే మొదట కొనేది నేనే.

మా అమ్మాయి ఆ నవలకు రెండో భాగం కూడా పంపింది. చదవడం అయ్యాక రెండూ మా శాఖకే ఇస్తాను. తీసుకుంటారో లేదో వచ్చే సోమవారం వెళ్లి అడుగుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి