మనుషులు లేని దిబ్బల మీద తాబేళ్లున్నాయి: అటవీ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

కాకినాడ నుంచి హోప్ ఐలాండ్ వైపు, గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర మనుషులు లేని ఇసుక దిబ్బలకు కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవలో, వెళ్లేవాళ్లలో నేనొకడిని. మోటారు చప్పుడు లేకుండా మడ చెట్ల పక్కన తెడ్డు వేసుకుంటూ పోవడమంటే నాకు ప్రాణం. అందుకే రాస్తున్నాను.

జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసుకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక్కో గుంతలో దాదాపు 100 గుడ్లు. పైకి ఏమీ కనపడదు, తెలియక తొక్కేస్తాం. రాత్రి టెంట్ వేసి లైట్లు పెడితే తల్లి వెనక్కి తిరిగిపోతుంది. 45 నుంచి 60 రోజులకు బయటికొచ్చే పిల్లలు సముద్రాన్ని వదిలేసి ఆ వెలుతురు వైపే పాకుతాయి.

మమ్మల్ని పూర్తిగా ఆపేయమనడం లేదు. మే నెలాఖరు దాకా రాత్రి బస వద్దనండి. ఎక్కడ దిగకూడదో రేవులోనే తెలుగులో బోర్డు పెట్టించండి. పోటు, పాటు వేళలు కూడా రాయించండి. పాటుకు నీళ్లు వెనక్కి పోతే కయాక్ బురదలో కూరుకుపోతుంది, ఆ టెన్షన్ నేను పడ్డాను.

ఇట్లు,
కాకినాడ కయాకర్